చీపురు ఊడ్చేసిన ఫిర్యాదులు

ఏప్రిల్ 4

పిడుగమ్మకి,

ధన్యవాదాలు చెప్పి మరీ మొహాన తలుపేసిన మేనకోడలికి మేనత్త రాయునది. నేను క్షేమం. నీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు సంజాయిషీ చెప్పు.

ఫోను చేసి అడగొచ్చుగా అంటావు. నీతో ఫోనులో మాట్లాడితే నాకు నీ టైపు చప్పుడూ, మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అనడమూ తప్ప ఇంకేమీ వినపడవు. మెయిలైనా సరే, ఉత్తరంలా రాస్తాను, నువ్వూ అలాగే జవాబివ్వాలి. ఈ షరతు నీకు కొత్త కాదు.

విషయం ఇదీ. మీ "కత్తెర" ప్రోగ్రాములో పిల్లల కొలతలు వేస్తే అది ముందు భాగం, వెనక భాగం, చేతులు అన్నీ గీసి ఇస్తోంది. కాగితాల మీద ప్రింటు తీసి, అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరిస్తున్నాను. అంతా బాగానే ఉంది గానీ చేతి ముక్క చంక దగ్గర సరిపోవడం లేదు. లాగి కుడితే ముడతలు, వదిలేస్తే ఖాళీ. నీకు చెప్తే ఏమన్నావు? "అత్తా, ఇంటి మనిషివని వేరే దారి పెట్టలేను, అందరిలాగే సైటులో ఫిర్యాదు రాయి" అన్నావు. బుద్ధిగా రాశాను. రెండు నెలలు ఎదురు చూశాను. నిన్న నీ పేరు మీద జవాబొచ్చింది. "ఈ ఫిర్యాదులో చాలాకాలంగా కదలిక లేదు. కాబట్టి మూసివేస్తున్నాం. మీ సహకారానికి ధన్యవాదాలు" అట!

కదలిక లేకపోవడమేమిటే? నేను రోజూ కదులుతూనే ఉన్నాను. మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోతున్నాయి.

ఈసారి ఆర్డరు మామూలుది కాదు. చక్రాల కుర్చీల్లో కూర్చుని చదువుకునే పిల్లల బడి ఉంది చూడు, వాళ్ళకి యూనిఫారాలు. రోజంతా కూర్చునే పిల్లలకి బజారు చొక్కా వెనక పైకి లేచిపోతుంది, ముందు పొట్ట మీద ఉండలు కడుతుంది. ఒక్కొక్కరిదీ ఒక్కో కొలత. కత్తెర ఉందన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. జూన్ మూడో వారంలోపు ఇవ్వాలి. ఇప్పుడు చేతులు కుదరకపోతే ఆ పిల్లల ముందు నా పరువేం కాను?

కోపంగా ఉన్నా నీ మేలే కోరే,
అత్త


ఏప్రిల్ 6

అత్తా,

ఆ జవాబు రాసింది నేను కాదు. చీపురు.

చీపురంటే నేను పెట్టిన చిన్న ప్రోగ్రాము. ఏ ఫిర్యాదు మీదైనా రెండు నెలలు ఎవరూ మాట్లాడకపోతే అది థాంక్స్ చెప్పి మూసేస్తుంది. దానికి వేరే పేరు పెట్టే ఓపిక లేక నా పేరు మీదే నడిపిస్తున్నాను. నాన్న ఆపరేషను నెలలో, నువ్వు లోపల మంచం పక్కన కూర్చుంటే నేను వరండాలో లాప్‌టాప్ పట్టుకుని ఉన్నాను, గుర్తుందా? అప్పుడు పెట్టాను. ఫిర్యాదుల మెయిళ్ళన్నీ ఒక మూలకి పోయేలా చేసిందీ అప్పుడే. మూడేళ్ళయింది, ఆ మూల తెరవాలంటే ఇప్పటికీ భయం. "ఇంత చెత్త ప్రోగ్రాము ఎవడు రాశాడు" అని మొదలవుతాయి సగం. నీది కూడా అందులోనే పడి ఉంటుంది. చూడలేదు, తప్పే.

నీకు కత్తెర అంటే ఒక ఆఫీసు, అందులో నేను మేనేజరు అన్నట్టుంది. నాన్నేమో నేను కత్తెరలు అమ్ముతున్నానని పక్కింటివాళ్ళకి చెప్పాడు, లాభం లేదని కూడా చెప్పాడట. నిజానికి ఆఫీసూ లేదు, జీతమూ లేదు. లోపలి కోడు అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు, పంపినదాన్ని ఒకరు చదివి సరే అంటే అందులో కలుస్తుంది. మొదలుపెట్టింది మేస్త్రిగారు. అది ఆయన మారుపేరే, మొహం ఎప్పుడూ చూడలేదు. నాకు పని నేర్పింది ఆయనే. నా మొదటి కోడు ఏడుసార్లు తిప్పి పంపి ఎనిమిదోసారి "ఇప్పుడు బాగుంది" అన్నారు. ఆ ఒక్క మాటకి వారం రోజులు గాల్లో నడిచాను. నాన్న ఆపరేషను తర్వాత కొన్నాళ్ళకి, ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు. ఎందుకో ఈ రోజుకీ తెలీదు. అప్పట్నుంచీ నేనొక్కదాన్నే.

అలసిపోయానత్తా. జూన్ ఆఖరున చివరి రిలీజు, అంటే ఆఖరి కొత్త కాపీ, ఇచ్చి కత్తెరకి తాళం వేసేస్తున్నాను. ఒక్క ఫిర్యాదు కూడా తెరిచి లేకుండా, ఇల్లు ఊడ్చి ఇచ్చినట్టు శుభ్రంగా వదిలేసి పోవాలని నా కోరిక.

నీ చేతి ముక్క సంగతి బహుశా నీ ప్రింటరు తప్పు. సెట్టింగులు ఒకసారి చూడు.

నీ
పిడుగు (పేరుకే)


ఏప్రిల్ 9

ఒసే,

తాళం వేస్తావా? బట్టలు సగంలో ఉండగానా? ఇంకా సగం మంది పిల్లల కొలతలు వెయ్యనేలేదు. నువ్వు జూన్‌లో పట్టుకుపోతే ఏం చెయ్యను? పాత పద్ధతిలో సుద్ద పట్టుకుని ఒక్కొక్కటీ గీసుకుంటూ కూర్చుంటే ఆ పిల్లలు కాలేజీకి వచ్చేస్తారు.

నా గొడవ అలా ఉంచు. ఆ చీపురు ఇంతకాలం ఎంతమందిని ఊడ్చి ఉంటుందో లెక్కుందా? నాలాగే ప్రతివాడూ గంటసేపు కూర్చుని, బొమ్మలు జతచేసి, దయచేసి చూడండి అని రాసుంటాడు. రాసినవాడికి జవాబివ్వకపోవడం మన ఇంటావంటా లేదు. మీ తాతయ్య కరెంటు ఆఫీసువాళ్ళకి కూడా "మీ బిల్లు అందింది, సంతోషం" అని రాసేవాడు.

అలసిపోయానన్నావు. చదివి గుండె కలుక్కుమంది. కానీ అలిసిపోతే కూర్చోవాలి గానీ ఇల్లు తాళం పెట్టి పోతారటే?

అత్త


ఏప్రిల్ 12

అత్తా,

ఎవరూ ఏదీ పట్టుకుపోరు. నీ కంప్యూటర్లో ఉన్నది నీ దగ్గరే ఉంటుంది. ఇకమీదట బాగుచేసేవాళ్ళుండరు, అంతే. కొన్నేళ్ళకి కొత్త కంప్యూటర్లలో పనిచేయడం మానేస్తుంది. అప్పటిదాకా వాడుకో.

నా ఉద్యోగం ఉదయం తొమ్మిదికి. దానికి ముందు రెండు గంటలు కత్తెరకి ఇస్తున్నాను, ఏళ్ళ తరబడి. ఇంకా ఎంత కూర్చోమంటావు? ఆ జవాబుల కోసం నీకంత బాధగా ఉంటే నువ్వే రాయి అందరికీ. తలుపు తెరిచే ఉంది, ఎవరైనా రాయొచ్చు.

ప్రింటరు సెట్టింగులు మాత్రం మర్చిపోకు.

నీ మేనకోడలు


ఏప్రిల్ 27

పిడుగమ్మకి,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. రోజూ మధ్యాహ్నం మిషను ఆపి కాసేపు దాని మీదే కూర్చుంటున్నాను. మొదట్లో చెయ్యి తిరగలేదు గానీ ఇప్పుడు బాగానే సాగుతోంది. ఇంకా చాలా ఉంది. నా దగ్గర కాజాలు కుట్టే అమ్మాయి "ఏంటక్కా ఇంత సీరియస్‌గా?" అని నవ్వుతోంది. మా మేనకోడలు అప్పగించిన పని అన్నాను.

చేతి ముక్క ఇంకా అలాగే ఉంది. చేతుల్లేని చొక్కాలు దండెం మీద వరసగా వేలాడుతున్నాయి. వాటిని చూస్తే అన్నం సయించడం లేదు.

అత్త


మే 3

అత్తా,

చెప్పింది చేస్తున్నందుకు థాంక్స్! సెట్టింగుల మీద ఇన్ని రోజులు కూర్చున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఓపికగా ఒక్కొక్కటీ మార్చి చూడు, కుదురుతుంది. నేను ఇక్కడ చివరి రిలీజు పనిలో తలమునకలుగా ఉన్నాను. ఈ నెలాఖరుకి ఆ ఫిర్యాదుల మూల కూడా తెరిచి, మిగిలినవి మూసేస్తే అయిపోయినట్టే. తలుచుకుంటే ప్రాణం తేలికగా ఉంది.

పిడుగు


మే 29

అత్తా, ఏం చేశావు నువ్వు?

ఈ రోజు ఫిర్యాదుల పేజీ తెరిచాను. యాభై కూడా ఉండవనుకున్నాను. వందల కొద్దీ ఉన్నాయి! చీపురు ఏళ్ళ తరబడి మూసినవన్నీ మళ్ళీ తెరుచుకుని కూర్చున్నాయి. ఎవరైనా మాట్లాడితే ఫిర్యాదు దానంతటదే తెరుచుకునేలా పెట్టాను, ఎవరూ మాట్లాడరన్న నమ్మకంతో. ప్రతిదాని కిందా నువ్వే! పైగా ఏం రాశావు?

"మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆమె మా మేనకోడలు. మంచిపిల్ల, కాస్త ముక్కోపి. మీ బాధ తీరిందా, ఇంకా ఉందా? ఉంటే నా కొట్టు ఫోనుకి చెయ్యండి."

ముక్కోపినని ప్రపంచమంతా చాటింపు వేశావు. ఫిర్యాదు రాసిన ప్రతివాళ్ళకీ అది మెయిల్లో వెళ్ళింది. మూడేళ్ళుగా నేను మోసిన బరువు దించుకోబోతుంటే, దించే ముందు ఇంకో బండెడు నెత్తిన పెట్టావు. నేనన్నది కోపంలో అన్న మాట, పని అప్పగించడం కాదు. నువ్వు ప్రింటరు సరిచేస్తున్నావనుకుని థాంక్స్ కూడా చెప్పాను!

ఇప్పుడు నాకు ఏమీ రాయాలని లేదు.


జూన్ 1

పిడుగమ్మా,

రాయమన్నావని రాశాను. నువ్వు కోపంలో అన్నావని నాకేం తెలుసు? నీ ఉత్తరాలన్నీ ఒకేలా ఉంటాయి.

తప్పు నా వైపు కూడా ఉంది, కాదనను. మొదట్లో ఒక్కొక్కటీ చదివి రాసేదాన్ని. రానురాను చెయ్యి నొప్పెట్టి, ఎవరిది ఏమిటో చూడకుండా అదే ముక్క అతికించేశాను. ఫోను నంబరివ్వడం మరీ బుద్ధితక్కువ పని. కాజాలమ్మాయి రిసెప్షనిస్టు అయిపోయింది, జీతం పెంచమంటోంది.

కానీ తిట్టే ముందు కింద వచ్చిన జవాబులు చదివావా? సగం మంది "ఎప్పుడో తీరిపోయిందండీ, మూసేయండి" అని వాళ్ళే మూసేసుకుంటున్నారు. డేరాలు కుట్టే ఒకాయన "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను. నాకు కోడు వచ్చు, ఏదైనా పనుంటే చెప్పండి" అన్నాడు. నాటకాలకి దుస్తులు కుట్టే ఒకావిడ తను చేసుకున్న మరమ్మతు పంపింది, నీకు అందిందో లేదో. చెత్త ప్రోగ్రామన్నవాడు కూడా ఒకడు రాశాడు, "ఒక్క మనిషే చేస్తోందని తెలీదు, ఆవిడకి సారీ చెప్పండి" అని. చెప్తున్నాను.

ఇంకొకటుంది. అది అన్నిటికంటే పెద్దది. నిన్న కొట్టుకి ఫోనొచ్చింది. పెద్దాయన గొంతు.

"అమ్మా, నాకు జవాబు రాసింది మీరేనా?" అన్నాడు.

"నేనేనండీ. మీ బాధేమిటి? కాలరా, జేబా?"

"బాధ తీరేది కాదులెండి. కత్తెర మొదలుపెట్టింది నేను. అక్కడ అందరూ మేస్త్రి అనేవారు."

చేతిలో గుండుసూదుల డబ్బా కింద పడేశాను. కొట్టంతా సూదులే, ఇంకా ఏరుతున్నాం.

"ఏమండీ, ఆ పిల్లని అలా ఒంటరిగా వదిలేసి ఎలా వెళ్ళారు?" అని గట్టిగానే అడిగాను. మీ నాన్నని అడిగినట్టే అడిగాను.

"నేను వదిలెయ్యలేదమ్మా. అక్కడ ఎంతవాడైనా, మార్పు కావాలంటే ఫిర్యాదుగా రాయాల్సిందే, ఆ నియమం పెట్టింది నేనే. అలాగే ఒక మార్పు రాశాను. రెండు నెలలకి 'కదలిక లేదు, మూసేస్తున్నాం, సహకారానికి ధన్యవాదాలు' అని ఆ అమ్మాయి పేరు మీదే వచ్చింది. ఇన్నేళ్ళ పనికి అదా మాట అనిపించింది. ఇక నా అవసరం లేదు కాబోలని తప్పుకున్నాను."

"అయ్యో, అది ఆవిడ కాదండీ! చీపురు!" అన్నాను.

చీపురంటే ఏమిటో చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మీ నాన్న ఆపరేషను సంగతీ, వరండా సంగతీ అన్నీ చెప్పాను. అన్నీ విన్నాక, "అడిగి ఉండాల్సింది నేను. ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది" అన్నాడు. ఆ గొంతు విని నాకే ఏడుపొచ్చింది.

ఇక నీ ఇష్టం. తాళం వేస్తావో, ఆయనకి రాస్తావో.

అత్త


జూన్ 8

అత్తా,

ముందుగా, మొన్నటి ఉత్తరానికి క్షమించు.

నీ ఉత్తరం ఆఫీసులో, భోజనాల గదిలో చదివాను. అక్కడే ఏడ్చేశాను. పక్క టేబులువాళ్ళు కూరలో కారం ఎక్కువైందనుకుని నీళ్ళిచ్చారు. మూడేళ్ళు ఆయన నన్ను వదిలేసి పోయారని నేనూ, నేను ఆయన్ని గెంటేశానని ఆయనా. మధ్యలో ఉన్నది నేను పేరు పెట్టడానికి బద్ధకించిన ఒక ప్రోగ్రాము.

ఆ రోజే ఆయనకి రాశాను. పొడుగ్గా రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి నాలుగు లైన్లు పంపాను. ఆయన జవాబు ఒక లైను: "నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?" ఆ లైను ఎన్నిసార్లు చదివానో!

మళ్ళీ పెత్తనం వద్దన్నారు, వయసైందట. కానీ కొత్తవాళ్ళు పంపే కోడు చదివి పెడతానన్నారు. డేరాలాయన పంపిన మొదటి మరమ్మతు అప్పుడే ఐదుసార్లు తిప్పి పంపారు. పాపం ఆయన నాకు రాశాడు, "ఈ పెద్దాయన ఎప్పుడూ ఇంతేనా?" అని. ఇంకో మూడుసార్లు ఓపిక పట్టండి అన్నాను.

ఆ మరమ్మతు ఏమిటో తెలుసా? మేస్త్రిగారు అప్పుడు రాసిన మార్పే. ప్రింటు మొదటి కాగితం మీద చిన్న చదరపు గడి ఒకటి, దాని పక్కన "గుడ్డ కత్తిరించే ముందు దీన్ని టేపుతో కొలవండి" అని. గడి కొలత తప్పితే మొత్తం తప్పినట్టే. ఈసారి నీ ఫిర్యాదు బొమ్మలతో సహా చదివాను. నీ ప్రింటరు కాగితాలన్నిటినీ ఒకేలా తగ్గించడం లేదు. చేతి ముక్క ఉన్న కాగితం అంచు దాటుతోందని దాన్నొక్కదాన్నే "పేజీకి సరిపోయేలా" కుదించేస్తోంది. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. కాబట్టి ప్రింటరు తప్పని నేనన్నది నిజమే. కానీ ఆ సంగతి నీకు తెలిసే దారి లేకుండా చేసింది మేం. అందుకని గడి ప్రతి కాగితం మీదా వేయమని నేనొక మాట కలిపాను. మేస్త్రిగారు ఒప్పుకున్నారు, ఒక్కసారికే!

ప్రింటరులో "అసలు సైజు" అని ఉంటుంది, దాన్ని ఎంచుకో. గడి ఉన్న కొత్త కాపీ దీంతో పంపుతున్నాను. ఇంకా అందరికీ ఇవ్వలేదు. ఇంటి మనిషివని ఈ ఒక్కసారికి వేరే దారి పెట్టాను, ఎవరికీ చెప్పకు.

నీ ముక్కోపి


జూన్ 20

ముక్కోపికి,

గడి కొలిచాను. టేపు పెట్టి ఒకసారి, స్కేలు పెట్టి ఒకసారి, నమ్మకం చాలక కాజాలమ్మాయి చేత ఒకసారి. వెంట్రుకవాసి తేడా లేదు.

చేతులు కూర్చున్నాయే! కచ్చాకుట్టు వేసి చూశాను, ఒక్క ముడత లేదు. దండెం మీద చొక్కాలన్నిటికీ వరసగా చేతులొచ్చేశాయి. నిన్న బడికి తీసుకెళ్ళాను. ఒక పిల్ల ఉంది, వచ్చినవాళ్ళెవరితోనూ మాట్లాడదట. చొక్కా తొడిగాక చేతులు పైకెత్తింది, దించింది, కుర్చీ చక్రాలు గిర్రున తిప్పుకుని హాలు చివరిదాకా వెళ్ళొచ్చింది. చొక్కా ఎక్కడా లేవలేదు. "దీన్ని పైకి లాక్కోనక్కర్లేదు" అంది. నాతో కాదు, పక్కనున్న పిల్లతో. నాకు అది చాలు. బయటికొచ్చి గోడ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ చొక్కాలో మేస్త్రిగారున్నారు, డేరాలాయన ఉన్నాడు, నువ్వున్నావు. ఆ పిల్లకి మీరెవరూ తెలీదు. మీకూ ఆ పిల్ల తెలీదు. అందుకే రాస్తున్నాను, తెలియాలని.

నెలాఖరు దగ్గరికొస్తోంది. అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను, ఏం చేస్తున్నావు?

అత్త


జూన్ 30

అత్తా,

ఈ ఉదయం రిలీజు ఇచ్చాను. ఊడ్చిన ఇల్లులా లేదు. ఇంకా డెబ్భై ఫిర్యాదులు తెరిచే ఉన్నాయి. ఒకటి చెప్పనా, అవి చూస్తే ఇప్పుడు భయం వెయ్యడం లేదు. ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు కొట్టులో కూర్చుని, చేతుల్లేని చొక్కా వైపు చూస్తున్నట్టుంది.

తాళం వెయ్యలేదు. తాళంచెవులు మాత్రం మూడు చేయించాను. డేరాలాయనకి ఒకటి, నాటకాలావిడకి ఒకటి, నాకొకటి. వారంలో నాలుగు రోజులు ఇకనుంచి నావి కావు, వాళ్ళవి. ఈ రోజు ఆఫీసుకి ముందు రెండు గంటలు ఊరికే కిటికీ దగ్గర కూర్చున్నాను. కూర్చోవడం ఎలాగో మర్చిపోయాను, నేర్చుకుంటాను.

చీపురుకి చీపురనే పేరు పెట్టాను. అది ఇకమీద దేన్నీ మూయదు. "ఇది ఎవరూ చూడలేదు, ఎవరైనా చూస్తారా?" అని మమ్మల్నే అడుగుతుంది.

నాన్నకి నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని, "అయితే కత్తెరలు బాగానే అమ్ముడవుతున్నాయన్నమాట" అన్నాడు. ఇక ఆయన్ని దిద్దడం నా వల్ల కాదు.

చివరగా, నీ ఫిర్యాదు ఈ రోజు మూశాను. నా చేత్తో. కింద ఇలా రాశాను: "మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. చేతులు కుదిరాయని విన్నాం, చాలా సంతోషం." మేస్త్రిగారు దాని కింద ఒక్క మాట రాశారు, "ఇప్పుడు బాగుంది" అని. ఇంకో వారం నేను నేల మీద నడవను.

నీ పిడుగు


జూలై 2

పిడుగమ్మకి,

మూశావు, చూశాను, సంతోషం. ఆ బడివాళ్ళు చలికాలానికి కోట్లు కూడా కావాలన్నారు. నిన్న ఒకటి వేసి చూస్తే కాలరు మెడ వెనక లేచి నిలబడుతోంది. బొమ్మలు జతచేసి, అందరిలాగే సైటులో రాశాను.

తొందరేం లేదు. ముందు కిటికీ దగ్గర కూర్చో.

అత్త